సంతకం చేసిన క్రీడా కార్డులు: నిర్ధారణ, గ్రేడింగ్

క్రీడాకారుడి బొమ్మ ఉన్న కార్డు మీద కలంతో గీసిన ఏ గీతైనా లెక్క ప్రకారం మచ్చే. పిల్లవాడు తన పేరు రాసుకున్నా, దుకాణదారు మూలన ధర వేసుకున్నా కార్డు విలువ పడిపోతుంది. ఆ గీత గీసింది బొమ్మలో ఉన్న మనిషేనని తేలితే మాత్రం లెక్క తిరగబడి, అదే అట్టముక్క ఎన్నో రెట్లు పలుకుతుంది. మచ్చ ఏదో చేవ్రాలు ఏదో తేల్చి చెప్పే పని మీద అమెరికాలో గత మూడున్నర దశాబ్దాల్లో ఒక పరిశ్రమ నిలబడింది. సంతకం అసలుదా కాదా చెప్పడాన్ని ఆథెంటికేషన్ అంటారు. కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో, సంతకం ఎంత స్పష్టంగా పడిందో చూసి పదికి ఇన్ని అని మార్కులు వెయ్యడం గ్రేడింగ్. రెండూ అయ్యాక కార్డును గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి, పైభాగంలో వివరాల చీటీ పెట్టి, నంబరు వేసి తిప్పి పంపుతారు. సేకర్తలు ఆ పలకను స్లాబ్ అంటారు.

రెండు పనులూ ఒకే కౌంటరు దగ్గర జరుగుతాయి కాబట్టి ఒకటేనని భ్రమ కలుగుతుంది. గ్రేడింగ్ కళ్ల ముందున్న వస్తువును కొలవడం. నచ్చకపోతే రేపు ఇంకొకరు మళ్లీ కొలవొచ్చు. సంతకం సంగతి అలా కాదు. అది ఎప్పుడో ఎక్కడో అరనిమిషంలో జరిగిపోయిన పని. అప్పుడు పక్కన ఎవరైనా ఉండి చూశారా అన్నదే అసలు ప్రశ్న. చూసినవాళ్లు లేకపోతే మిగిలేది అభిప్రాయమే, అది ఎంత పెద్ద నిపుణుడిదైనా. ఈ రంగంలో జరిగిన మోసాలూ, వచ్చిన సంస్కరణలూ చాలావరకు ఈ చిక్కు చుట్టూనే తిరిగాయి.

సిగరెట్ పెట్టెలో పుట్టిన అట్ట

1880ల్లో అమెరికా పొగాకు కంపెనీలు మెత్తటి సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవి. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద నటీమణుల బొమ్మలు, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేశాయి. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 – 1911 మధ్య వేసిన వరుసను సేకర్తలు టీ206 అంటారు; పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ఆ వరుసలోదే. 1930లకు పొగాకు స్థానంలోకి బబుల్‌గమ్ వచ్చింది. గౌడీ కంపెనీ 1933 వరుస, టాప్స్ కంపెనీ 1952 వరుస ఈ కాలానికి గుర్తులు. 1990ల్లో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ బొమ్మలు, పరుగులూ వికెట్లూ కూడబెట్టుకోవడం గుర్తుంటాయి. వ్యాపారం కిటుకు అదే, ఆట వేరు.

సంతకానికీ కార్డుకూ అప్పట్లో వ్యాపార సంబంధం లేదు. పిల్లలు స్టేడియం గేటు దగ్గర కాపు కాసేవారు, లేదా తిరుగు తపాలా కవరు జతచేసి ఆటగాడికి పోస్టులో పంపేవారు. 1990లో ఇది మారింది. అప్పర్ డెక్ కంపెనీ బేస్‌బాల్ దిగ్గజం రెగీ జాక్సన్ చేత 2,500 కార్డుల మీద సంతకం చేయించి, నంబర్లు వేసి, మామూలు ప్యాకెట్ల మధ్య కలిపేసింది. కొన్నవాడికి అదృష్టముంటే దొరుకుతుంది. సంతకం అసలుదేనని హామీ ఇచ్చింది కంపెనీయే.

అప్పటి నుంచి సంతకం కార్డులు రెండు జాతులయ్యాయి. సంతకంతోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి ఒకటి. మామూలుగా అచ్చై, తర్వాత ఎప్పుడో ఎవరి చేతిలోనో సంతకం పడినవి రెండోది. మొదటి దానికి కార్డు వెనక కంపెనీ హామీ ముద్రించి ఉంటుంది కాబట్టి గ్రేడింగ్ సంస్థ పని సులువు: కార్డు నకిలీ కాదని, ఎవరూ చెయ్యి పెట్టి మార్చలేదని చూస్తే చాలావరకు సరిపోతుంది. రెండో దానికి సంతకాన్నే మొదటి నుంచి పరీక్షించాలి.

మొదటి జాతిలోనూ అంతరాలున్నాయి. ఆటగాడు కార్డు మీదనే సంతకం చేస్తే ఆన్‌కార్డ్ ఆటో. పారదర్శకమైన స్టిక్కర్ల మీద వందల సంతకాలు ముందే చేయించుకుని, తర్వాత తీరుబడిగా కార్డులకు అంటిస్తే స్టిక్కర్ ఆటో. సేకర్తలకు రెండోది చిన్నచూపు, ధరలో ఆ చిన్నచూపు కనిపిస్తుంది. ఇక చనిపోయిన ఆటగాళ్ల పాత ఉత్తరాలు, బ్యాంకు చెక్కులు కొని, సంతకం ఉన్న మేరకు కత్తిరించి, కొత్త కార్డు మధ్య కిటికీలో అమర్చడం మరో పద్ధతి. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ సంతకాలు ఇలా కార్డుల్లోకి ఎక్కాయి. ఒక మనిషి రాసిన ఉత్తరాన్ని చేవ్రాలు కోసం కోసెయ్యడం చూస్తే పాత కాగితాల విలువ తెలిసినవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది.

సాక్షి లేని సంతకాలు

మన దగ్గర వీలునామా చెల్లాలంటే ఇద్దరు సాక్షులు ఉండి తీరాలి. చేతిరాత నిపుణుడు కోర్టులో చెప్పేది పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్ కింద, ఇప్పటి కొత్త చట్టంలో 39వ సెక్షన్ కింద, అభిప్రాయంగానే నమోదవుతుంది. మిగతా సాక్ష్యాలతో కలిపి తూకం వేసుకోవడం న్యాయమూర్తి పని. ఈ తేడా ఎంత ముఖ్యమో అమెరికా సంతకాల బజారు దెబ్బ తిన్నాక గానీ గ్రహించలేదు.

1990ల మధ్యలో షికాగో ప్రాంతంలో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ వంటి తారల దొంగ సంతకాలు అమ్ముతున్న ముఠాను ఎఫ్‌బీఐ పట్టుకుంది. తీగ లాగితే డొంక కాలిఫోర్నియాలో కదిలింది. శాన్‌డియాగో పాడ్రెస్ జట్టు ఆటగాడు టోనీ గ్విన్ తన పేరుతో దొంగ సంతకాలున్న వస్తువులు అమ్ముడవుతున్నాయని కనిపెట్టి దర్యాప్తు సంస్థకు చెప్పాడు. ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో సాగిన ఆ విచారణ 1999 అక్టోబరు సోదాలతో బయటపడింది. ముఠాలో గ్రెగ్ మరీనో అనే ఒక్కడే వందలాది మంది పేర్లు చకచకా రాసేసేవాడు. దొంగ సంతకాలతో పాటు వాటికి దొంగ ధ్రువపత్రాలూ తయారయ్యేవి. మొత్తం వ్యాపారం 10 కోట్ల డాలర్ల స్థాయిదని అంచనా. శిక్షలు పడినవాళ్లు 60 మందికి పైనే. పట్టుబడిన సరుకులో మదర్ థెరెసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. అలాంటి బంతి ఎందుకుంటుందని కొన్నవాళ్లకు తోచకపోవడమే వింత.

ఆ దెబ్బ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో తన సొంత నిర్ధారణ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని సూత్రం సరళం: సంస్థ నియమించిన మనిషి కళ్లారా చూస్తేనే వస్తువుకు హోలోగ్రామ్ అంటిస్తారు, చూడకపోతే లేదు. సంతకం తీరు పోల్చి చెప్పడం అక్కడ ఉండదు. అప్పర్ డెక్ 1992లోనే ఈ దారి పట్టి, జోర్డాన్ వంటి వారి సంతకాలను తన ప్రతినిధి ఎదురుగా చేయించి నంబరు వేసిన హోలోగ్రామ్ ఇచ్చేది. ఇప్పుడు పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ అనే నిర్ధారణ సంస్థలు కూడా ప్రదర్శనల్లో తమ మనుషుల సమక్షంలో పడిన సంతకాలకు వేరే రకం గుర్తు వేస్తున్నాయి. తెలిసిన సేకర్తలు చీటీలో మొదట వెతికేది ఆ గుర్తునే.

రెండో మార్పు చట్టంలో వచ్చింది. సంతకం చేసిన క్రీడా వస్తువులు అమ్మేవాళ్లు ధ్రువపత్రం ఇవ్వాలని కాలిఫోర్నియా అంతకుముందే నియమం పెట్టింది. 2016లో దాన్ని సవరించి సంతకం చేసిన అన్ని రకాల సేకరణ వస్తువులకూ వర్తింపజేసింది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సంతకానికి అనుమానం ఉండదని అనుకోవడానికీ లేదు. కార్డుల కంపెనీలు స్టిక్కర్ల కట్టలను, కార్డుల కట్టలను ఆటగాడికి పంపి, సంతకాలు చేశాక వెనక్కి తెప్పించుకోవడం మామూలే. ఆ గదిలో ఎవరున్నారో కంపెనీకి తెలియదు. 2017లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ పేరుతో పానిని కంపెనీ ప్యాకెట్లలో వచ్చిన కొన్ని కార్డులను గ్రేడింగ్ కోసం పంపితే, ఆ సంతకాలు యంత్రం చేసినవని బెకెట్ నిపుణుడు గుర్తించి తిరస్కరించాడు. కంపెనీ హామీ కార్డు వెనక అచ్చై ఉంది; ముందువైపు సంతకం మాత్రం మనిషి చేసింది కాదు.

గీతను చదవడం

సాక్షి లేని సంతకం నిపుణుడి బల్ల మీదికి వస్తే ముందు అడిగే ప్రశ్న ఇది అసలుదా అని కాదు, కుదిరే పనేనా అని. బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ 1941 జూన్‌లో చనిపోయాడు. అమెరికాలో బాల్‌పాయింట్ పెన్ను అమ్మకానికి వచ్చింది 1945 అక్టోబరులో. బాల్‌పెన్నుతో గెరిగ్ సంతకం కనిపిస్తే ఇక భూతద్దం తియ్యనక్కర్లేదు. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది. బేబ్ రూత్ 1948లో, మరో బేస్‌బాల్ ఆటగాడు టై కాబ్ 1961లో పోయారు. ఆటగాడు పోయాక అచ్చైన కార్డు మీద అతని సంతకం ఉంటే చెప్పేదే లేదు. దొంగలు నేర్పరులే గానీ, చరిత్రలో తరచూ తప్పుతారు.

కాలం కుదిరితే తర్వాత చూసేది ఆ సిరా అసలు కలం నుంచి వచ్చిందా అని. చాలా కార్డుల మీద ఆటగాడి సంతకం బొమ్మతో పాటే అచ్చై ఉంటుంది. మన దుకాణాల్లో అమ్మే క్రికెట్ బ్యాట్ల మీద ఆటగాళ్ల సంతకాలు ఉన్నట్టే. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద అచ్చు సంతకం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కలం గీత విడిపోదు. కార్డును వంచి వెలుతురుకు పెడితే సిరా ఉపరితలం మీద కూర్చుని వేరుగా మెరుస్తుంది. రబ్బరు ముద్ర అయితే అంచుల దగ్గర సిరా పోగుపడి మధ్య పలచగా ఉంటుంది. ఆటోపెన్ యంత్రం గీసిన గీతకు మొదలు నుంచి చివర దాకా ఒకే ఒత్తిడి, కొనల్లో చిన్న చుక్కలు. ఒకే యంత్రపు రెండు సంతకాలను ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా కలిసిపోతాయి. మనిషి చేసేవి అలా కలవవు. ఈ సంగతి చెక్కు తిప్పి పంపించుకున్న ఏ ఖాతాదారుడిని అడిగినా చెబుతాడు.

ఇవన్నీ దాటాకే అసలు చదువు మొదలవుతుంది. సంతకం చేసేవాడు తన పేరు రాయడు, ఒక కదలికను చేస్తాడు. వేలసార్లు చేసిన అలవాటు కాబట్టి కలం వేగంగా దిగి, వేగంగా ఎగిరిపోతుంది. గీత కొనలు సన్నగా తోకల్లా తేలిపోతాయి. నకలు చేసేవాడు అక్షరాల రూపాన్ని చూసి బొమ్మ గీస్తాడు. అతని గీత మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి, మలుపుల దగ్గర కలం ఆగిన మచ్చలు, అనవసరంగా కలం ఎత్తిన చోట్లు కనిపిస్తాయి. రూపం బాగా కుదిరినా వేగం కుదరదు. అందుకే సంతకాన్ని తలకిందులుగా తిప్పి చూసే నిపుణులున్నారు. పేరు చదవడం ఆగిపోయి గీత ఒక్కటే కంటికి ఆనుతుంది.

పోల్చడానికి అసలైన నమూనాలు కావాలి, అవీ వయసు వారీగా. బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కుర్రతనపు సంతకం, పేరొచ్చాక చేసినది ఒకలా ఉండవు. బాక్సర్ ముహమ్మద్ అలీకి 1984లో పార్కిన్సన్స్ వ్యాధి నిర్ధారణ అయింది. ఆ తర్వాతి సంతకాల్లో వణుకు పెరుగుతూ వచ్చింది. వణుకు కనిపించగానే దొంగ సంతకమనే నిపుణుడు అలీ విషయంలో తప్పుతాడు, వణుకు లేదని 1990ల తేదీ ఉన్నదాన్ని ఒప్పుకున్నా తప్పుతాడు. క్లబ్బుల్లో బంతులు అందించే కుర్రాళ్లు, కార్యదర్శులు, భార్యలు ఆటగాళ్ల బదులు సంతకాలు చేసిన సందర్భాలూ కొల్లలు. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు షూలెస్ జో జాక్సన్‌కు చదువు రాదు. పేరు గీయడమే కష్టం. చాలావరకు భార్య కేటీ అతని పేరు రాసేది. మన రిజిస్ట్రారు ఆఫీసులో అయితే నిశాని వేయించి, పక్కన ‘ఫలానా వారి నిశాని’ అని రాయించేవారు, గొడవే ఉండేది కాదు. జాక్సన్ తన చేత్తో పేరు గీసిన ఫొటో ఒకటి 2021లో క్రిస్టీస్ వేలంలో 14 లక్షల 70 వేల డాలర్లు పలికింది.

ఇంత చేసినా తేలనివి ఉంటాయి. నిజాయతీ ఉన్న సంస్థ వాటిని దొంగవి అనదు, మేం నిర్ధారించలేం అని తిప్పి పంపుతుంది. పంపినవాడికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి.

అట్టకు మార్కులు

పదికి మార్కులు వేసే పద్ధతి నాణేల వాళ్ల దగ్గర నేర్చుకున్నది. నాణేలను ప్లాస్టిక్‌లో బిగించి గ్రేడ్ వేసే పీసీజీఎస్ సంస్థను 1986లో స్థాపించినవారిలో డేవిడ్ హాల్ ఒకరు. ఆయనే 1991లో కార్డుల కోసం పీఎస్ఏను మొదలుపెట్టారు. గణాంక శాస్త్రం చెప్పిన ఆచార్యుడు జేమ్స్ బెకెట్ ధరల పత్రికతో పేరు తెచ్చుకున్న సంస్థ 1999లో బీజీఎస్ పేరుతో ఈ పనిలోకి దిగింది. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన డాలస్ శివారు ప్లేనో దాని చిరునామా. ఎస్‌జీసీ 1998 నాటిది, నల్లటి చట్రంలో పెట్టే పాత కార్డులకు పేరు పడింది. సంతకాలకే వేరుగా పీఎస్ఏ 1998లో ఒక విభాగం తెరిచింది. అక్కడ పనిచేసిన జేమ్స్ స్పెన్స్ బయటికి వచ్చి తన పేరుతో జేఎస్ఏ పెట్టుకున్నారు.

గ్రేడర్లు చూసేవి నాలుగు: బొమ్మ అట్ట మధ్యలో పడిందా, మూలలు మొనదేలి ఉన్నాయా, అంచులు చీలాయా, ముఖం మీద గీతలున్నాయా. పీఎస్ఏలో పదికి పది రావాలంటే ముందువైపు అంచుల తేడా సుమారు 55 – 45 నిష్పత్తి దాటకూడదు, వెనకవైపు 75 – 25 దాకా ఓర్చుకుంటారు. బీజీఎస్ నాలుగింటికీ విడివిడిగా, అర మార్కుతో సహా, చీటీ మీదనే వేస్తుంది. నాలుగింటికీ పదులు వస్తే నల్ల చీటీ. అంచులు కత్తిరించినట్టో, రంగు అద్దినట్టో తేలితే మార్కులే ఉండవు. అసలు కార్డే గానీ మార్చబడింది అని మాత్రం రాస్తారు.

సంతకానికి వేరే మార్కు. గీత మధ్యలో సిరా ఆరిపోయిందా, చెయ్యి తగిలి అలికిందా, ముదురు బొమ్మ మీద కలిసిపోయిందా, కార్డు అంచు దాటి కోసుకుపోయిందా అని చూస్తారు. అందుకే చీటీ మీద రెండు అంకెలు కనిపిస్తాయి: కార్డుకు 8, సంతకానికి 10 అన్నట్టు. పాత కార్డులకు ఇది ఇబ్బంది తెస్తుంది. యాభై ఏళ్ల కింద పిల్లవాడు నిక్కరు జేబులో పెట్టుకుని వెళ్లి సంతకం చేయించుకున్న కార్డుకు 2 రావడం సహజం. ఆ 2 చీటీ మీద కనిపిస్తే కొనేవాడి మనసు విరుగుతుంది. అలాంటివాటికి సంతకం మార్కు ఒక్కటే వేయించుకుని, కార్డుకు ‘అసలుది’ అని మాత్రం రాయించుకునే వీలుంది. నా మటుకు జేబు ముడతలున్న 2 కార్డు, ఎవరూ ముట్టని 10 కన్నా ఎక్కువ కథ చెబుతుంది. బజారు మాత్రం నాతో ఏకీభవించదు.

సంతకం చేయించబోయేవాళ్లకు ఈ మార్కుల సంగతి ముందే తెలిస్తే మంచిది. క్రోమ్ పూత ఉన్న మెరిసే కార్డు మీద మార్కర్ సిరా బుడగలు కట్టి జారిపోతుంది. అందుకని చాలామంది ముందు కొద్దిగా బేబీ పౌడర్ అద్ది తుడుస్తారు. ముదురు బొమ్మకు వెండి రంగు పెయింటు పెన్ను, లేత బొమ్మకు నీలం మార్కర్ వాడతారు. ఎండ తగిలే గోడకు తగిలిస్తే కొన్నేళ్లకు నీలం ఊదాగా, ఊదా ఖాళీగా మారుతుంది. స్లాబ్‌లో ఉన్నా సరే, ఎండకు ప్లాస్టిక్ అడ్డం కాదు.

పంపే విధానం చెప్పడానికి పెద్దగా లేదు. సంస్థ వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, కార్డు విలువ మనమే ప్రకటించి, పలచని తొడుగులో, ఆపైన కొద్దిగా వంగే ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపాలి. మందపాటి గట్టి కవర్లు వద్దంటారు, తీసేటప్పుడు మూల దెబ్బతింటుందని. రుసుము చవక సేవకు కార్డుకు రెండు మూడు పదుల డాలర్లతో మొదలై ఖరీదైన కార్డుకు వేలలోకి వెళ్తుంది. సంతకం రుసుము చేసిన మనిషిని బట్టి మారుతుంది. జోర్డాన్‌కు ఎక్కువ, చిన్న ఆటగాడికి తక్కువ. గ్రేడ్ బాగా వచ్చి కార్డు విలువ మనం ప్రకటించిన దానికన్నా పెరిగిపోతే సంస్థ పై తరగతి రుసుము వసూలు చేస్తుంది. మార్కులు వేసే మాస్టారికి మార్కులను బట్టి ఫీజు పెరగడం లాంటి ఏర్పాటు ఇది. తప్పు జరిగిందనడానికి కాదు గానీ, ఏర్పాటే బాగాలేదు.

నమ్మకాన్ని నమ్మడం

పీఎస్ఏ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు వాగ్నర్ టీ206. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, వ్యాపారి బ్రూస్ మెక్‌నాల్ కలిసి సదబీస్ వేలంలో 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్న ప్రతి అది. దానికి 8 వచ్చింది. అంత పాత కార్డుకు అది ఆశ్చర్యపరిచే మార్కు. 2007లో 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. ఆ కార్డును ఒకప్పుడు అమ్మిన వేలందారు బిల్ మాస్ట్రో, మోసం కేసులో 2013లో నేరం ఒప్పుకుంటూ, అంచులు తానే కత్తిరించానని కూడా ఒప్పుకున్నాడు. అంచులు కోసిన కార్డుకు మార్కులే ఉండవన్నది సంస్థ నియమం. మొదటి నంబరు చీటీ ఉన్న కార్డే ఆ నియమానికి ఎదురు నిలిచింది.

మనకు బంగారం మీద హాల్‌మార్క్ తెలుసు. అనుమానమొస్తే గీటురాయి మీద మళ్లీ గీసి చూసుకోవచ్చు. స్లాబ్‌లో సంతకాన్ని అలా చూడటానికి లేదు. పలక పగలగొడితే చీటీ విలువ పోతుంది. అందుకే మోసగాళ్ల దృష్టి సంతకం మీద నుంచి స్లాబ్ మీదికి మళ్లింది. నకిలీ పలకలు, నకిలీ చీటీలు, అసలు నంబరును వేరే కార్డుకు తగిలించడం, హోలోగ్రామ్‌లనే నకలు చెయ్యడం, అన్నీ బయటపడ్డాయి. సంస్థలు ప్రతి నంబరుకూ ఫొటో తీసి వెబ్‌సైటులో ఉంచడం మొదలుపెట్టాయి. కొనేముందు ఆ ఫొటోలో సంతకపు గీత కార్డు బొమ్మను ఎక్కడెక్కడ దాటిందో చేతిలోని దానితో పోల్చి చూడటం అర నిమిషం పని. 2021లో పీఎస్ఏ మాతృసంస్థ కొన్న జెనమింట్ సాంకేతికత కార్డు ముఖాన్ని వేలిముద్రలా గుర్తుపెట్టుకుంటుంది. అదే కార్డు పలక మారి, అంచు మారి మళ్లీ వస్తే పట్టుకుంటుంది. సంతకం ఎవరిదో మాత్రం అది చెప్పదు.

2020 – 21 మహమ్మారి రోజుల్లో ఇళ్లలో కూర్చున్న జనం అటకల మీది డబ్బాలు దింపారు. వచ్చిపడ్డ కార్డుల వరదకు తట్టుకోలేక పీఎస్ఏ 2021 మార్చి చివర చాలా సేవలు ఆపేసింది. అదే ఏడాది మొదట్లో దాని మాతృసంస్థను పెట్టుబడిదారులు సుమారు 85 కోట్ల డాలర్లకు కొన్నారు. 2024లో అదే సంస్థ ఎస్‌జీసీని కూడా కొనేసింది. పోటీగా మార్కులు వేసే ఇద్దరు మాస్టార్లకు ఇప్పుడు యజమాని ఒక్కరే.

అంకెలు

సంతకం లేని పాత కార్డులదే చాలాకాలం పైచేయి. 1952 నాటి మాంటిల్ కార్డు 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లు తెచ్చింది. దానికన్నా ముందు, 2020లో, బేస్‌బాల్ ఆటగాడు మైక్ ట్రౌట్ సంతకం చేసిన 2009 నాటి బోమన్ కార్డు 39 లక్షలు దాటి, ఆధునిక సంతకం కార్డు పాతవాటితో పోటీ పడగలదని చూపింది. 2021లో బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ తొలి ఏడాది సంతకం కార్డు 52 లక్షలకు పోయింది. 2025 ఆగస్టులో జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలూ, ఇద్దరి జెర్సీల మీది లీగ్ చిహ్నాలూ ఉన్న ఒకే ఒక్క కార్డు కోటీ 29 లక్షలకు పైగా పలికి మాంటిల్‌ను దాటింది. కార్డుకు వచ్చిన గ్రేడ్ 6. లోకంలో ఒకటే ఉన్నప్పుడు మూలల అరుగుదల ఎవరూ పట్టించుకోరన్నమాట.

అదే ఏడాది మార్చిలో పిట్స్‌బర్గ్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) పాల్ స్కీన్స్ కార్డు 11 లక్షల డాలర్లు దాటింది. కాలిఫోర్నియాలో ఒక పదకొండేళ్ల పిల్లవాడి ప్యాకెట్లో దొరికిందది. తొలి మ్యాచ్‌లో స్కీన్స్ తొడుక్కున్న జెర్సీ మీది గుడ్డ పట్టీని అందులో పొదిగారు, దాని పక్కన సంతకం. పట్టీ ఆ మ్యాచ్‌దేనని చెప్పింది లీగ్ మనిషి, చూసి.

క్రికెట్ వైపు

క్రికెట్లో కార్డు కన్నా బ్యాటు, జట్టంతా ఒకే కాగితం మీద చేసిన సంతకాల పట్టిక ఎక్కువ వాడుక. ఆ కాగితాల్లో ఒక్క సంతకం అనుమానమైతే పదిహేనింటినీ పరీక్షించాలి; డ్రెస్సింగ్ రూములో ఒకరి పేరు ఇంకొకరు రాసేసే అవకాశం అక్కడా ఉంది. కలం పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. 1932లో ఇంగ్లండ్‌లో ఆడిన తొలి భారత టెస్టు జట్టు కెప్టెన్ సి.కె. నాయుడు తెలుగు కుటుంబీకుడు. ఆయన 1967 దాకా ఉన్నారు కాబట్టి బాల్‌పెన్ను సంతకం ఉండొచ్చు. 1932 పర్యటనలో చేసిందని చెప్పే కాగితం మీద బాల్‌పెన్ను కనిపిస్తే ఆ మాట నిలవదు.

ఇంగ్లండులో జాన్ ప్లేయర్ కంపెనీ 1930, 1934, 1938ల్లో యాభైయేసి క్రికెటర్ల సిగరెట్ కార్డులు వేసింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. సంతకం పడితే సగం బొమ్మ మూసుకుపోతుంది. వాటిలో డాన్ బ్రాడ్‌మన్ సంతకం ఉన్నవి బజారులో కనిపిస్తూనే ఉంటాయి. ఆయన 2001లో పోయేదాకా అడిలైడ్‌లోని ఇంట్లో కూర్చుని, పోస్టులో వచ్చినవాటికి రోజూ గంటల తరబడి తన చేత్తోనే సంతకాలు చేసి తిప్పి పంపేవాడు. అసలువి అన్ని ఉండటం వల్ల పోల్చుకునే నమూనాలకు లోటు లేదు, ధరలూ ఆయన పరుగుల స్థాయికి ఎక్కలేదు.